భీమిలికి హైవే మీద, తిరుగు ప్రయాణం సముద్రం పక్కన: విశాఖలో సెల్ఫ్ డ్రైవ్ కారుతో నా అనుభవం

భీమిలికి హైవే మీద వెళ్లి, బీచ్ రోడ్డు మీద తిరిగి రావడం. విశాఖలో కారు అద్దెకు తీసుకుని తిరిగినప్పుడు నేను తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికంటే మంచిది ఇదే. చాలామంది ఆర్కే బీచ్ దగ్గర బయల్దేరి, సముద్రం పక్కనే ఉత్తరంగా భీమిలి దాకా వెళ్లి, పొద్దుపోయాక హైవే పట్టుకుని వచ్చేస్తారు. అలా వెళ్తే సముద్రం కుడివైపు ఉంటుంది. మనం రోడ్డుకు ఎడమపక్కన నడుపుతాం కాబట్టి మనకూ నీళ్లకూ మధ్య ఎదురొచ్చే బండ్లన్నీ అడ్డం. ఎక్కడైనా దిగాలనిపిస్తే యూటర్న్ వెతుక్కోవాలి. అదే భీమిలి నుంచి కిందికి వస్తే సముద్రం ఎడమచేతి పక్కనే. నచ్చిన చోట ఇండికేటర్ వేసి, పక్కకు తీసి, ఆపుకోవచ్చు. ముందు సీట్లో కూర్చున్న అమ్మకు దారి పొడుగునా కిటికీ నిండా నీళ్లే.

వెలుతురు కూడా ఇందుకే కలిసొస్తుంది. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి లేచి కొండల వెనక దిగుతాడు. పొద్దున తొమ్మిది గంటలకు బీచ్ రోడ్డు మీద ఉంటే ఎండ నీళ్ల మీద పడి కళ్లలోకి కొడుతుంది, ఫొటోలు నల్లగా వస్తాయి. మధ్యాహ్నం దాటితే ఎండ కొండల వైపు నుంచి, మన వీపు మీదుగా పడుతుంది. సముద్రం రంగు అప్పుడే బాగా తెలుస్తుంది. తీరం దగ్గర లేత ఆకుపచ్చ, కొంచెం దూరంలో నీలం, ఇంకా లోపలికి వెళ్తే దాదాపు నలుపు.

అసలు కారు ఎందుకు తీసుకున్నానో చెప్పాలి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. పిన్నికి ప్రతి చోటా దిగి, నడిచి, అడిగి తెలుసుకోవాలని ఉంటుంది. టాక్సీ మాట్లాడుకుంటే డ్రైవరు మంచివాడే అయినా, "ఇక్కడ పావుగంట చాలమ్మా" అనే మాట ఒకటి ఉంటుంది. ఆ మాట లేకుండా తిరగాలనిపించింది.

సెల్ఫ్ డ్రైవ్ కార్లు ఇచ్చేవాళ్లు విశాఖలో చాలామందే ఉన్నారు. యాప్‌లో బుక్ చేసుకునేవి కొన్ని, ఫోన్ చేసి మాట్లాడుకునేవి కొన్ని. నేను ముందుగా చూసింది నంబరు ప్లేటు. అద్దెకు తిప్పడానికి అనుమతి ఉన్న సెల్ఫ్ డ్రైవ్ కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. మామూలు తెల్ల ప్లేటు కారును తక్కువ రేటుకు ఇస్తామని ఒకాయన అన్నాడు. వద్దన్నాను. సొంత వాడకం కోసం రిజిస్టరైన కారును అద్దెకు తిప్పుతుండగా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తిరస్కరించవచ్చు. పెద్దవాళ్లిద్దరిని ఎక్కించుకుని వెళ్తూ ఆ టెన్షన్ నాకెందుకు?

లైసెన్సు, ఆధార్ యాప్‌లో అప్‌లోడ్ చేస్తే చాలన్నారు. అయినా ఒరిజినల్ లైసెన్సు దగ్గర పెట్టుకున్నాను. కారు ఇచ్చేటప్పుడు అది చూపించమనే అడిగారు. డిపాజిట్ వేరే కట్టించుకున్నారు. రోజుకు ఇన్ని కిలోమీటర్లని లెక్క ఉంటుంది, దాటితే కిలోమీటరుకు ఇంతని అదనం. విశాఖ నుంచి భీమిలి బీచ్ రోడ్డు మీద పాతిక ముప్పై కిలోమీటర్లే కాబట్టి ఊరి చుట్టుపక్కల తిరిగేవాళ్లకు ఆ పరిమితితో ఇబ్బంది రాదు. అరకు కూడా కలుపుకుంటేనే లెక్క చూసుకోవాలి.

కారు అప్పజెప్పేటప్పుడు తొందరపడకూడదు. నేను నాలుగు వైపులా వీడియో తీశాను. బంపర్ల కింద, అద్దాల అంచులు, చక్రాల రిమ్ములు, మీటరు రీడింగు, పెట్రోలు ముల్లు, లోపల సీట్లు అన్నీ. డిక్కీలో స్టెప్నీ చూడమంటే తెచ్చిన కుర్రాడు "బాగానే ఉంటుంది మేడమ్" అన్నాడు. తీయించి నొక్కి చూస్తే గాలి లేదు. దగ్గర్లో పంక్చర్ షాపుకు తీసుకెళ్లి గాలి పట్టించాకే సంతకం పెట్టాను. జాకీ, వీల్ స్పానర్ ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూశాను. అరగంట పోయింది. ఆ అరగంట నాకు చాలా విలువైనది. భీమిలి దారిలో కొన్నిచోట్ల చుట్టుపక్కల మనిషి కనపడడు.

మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ, కొమ్మాది. హైవే మీద ఈ వరస దాటేదాకా సిటీ ట్రాఫిక్కే. ఆటోలు ఎడమ నుంచీ దూరుతాయి, కుడి నుంచీ దూరుతాయి. పొద్దున్నే బయల్దేరితే సుఖం. ఆనందపురం దాటాక రోడ్డు తెరిపిగా ఉంటుంది. తగరపువలసలో కుడికి తిరిగి సంగివలస మీదుగా వెళ్తే భీమిలి వచ్చేస్తుంది.

భీమిలి అసలు పేరు భీమునిపట్నం. చిన్న ఊరు, చరిత్ర మాత్రం పెద్దది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ వ్యాపార స్థావరం పెట్టుకున్నారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. కోసుగా పైకి లేచిన ఆ కట్టడాల మధ్య పిన్ని చాలాసేపు తిరిగింది. ఎక్కడో చల్లటి దేశంలో పుట్టి, ఈ ఉక్కపోత తీరంలో కన్నుమూసిన మనుషులు. "వీళ్లమ్మలకు కబురు ఎన్ని నెలలకు చేరిందో" అంది. ఓడల మీద ఉత్తరాలు వెళ్లే కాలం కదా, నిజంగానే నెలలు పట్టి ఉంటుంది. 1861లోనే భీమిలి మునిసిపాలిటీ అయింది, ఇప్పుడు విశాఖ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. నది మంచినీళ్లూ ఉప్పునీళ్లూ కలిసే చోట ఇసక తిప్ప, దాని మీద పడవలు, వలలు బాగుచేసుకునే మత్స్యకారులు. ఊరి వెనక పావురాళ్లకొండ మీద నరసింహస్వామి గుడి ఉంది. ఆ కొండ మీద బౌద్ధుల ఆనవాళ్లు కూడా దొరికాయి. అమ్మ మెట్లెక్కలేదు కాబట్టి కిందనుంచే దణ్ణం పెట్టుకున్నాం.

భీమిలి నుంచి కిందికి తిరగ్గానే కుడివైపు ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. ఈ దారి మొత్తంలో నేను ఎక్కువసేపు ఉన్నది ఇక్కడే.

రోడ్డు మీద నుంచి చూస్తే జీడిమామిడి తోపులు, పొదలు తప్ప ఏమీ కనిపించదు. లోపలికి నడిస్తే నేల ఒక్కసారిగా కిందికి దిగిపోయి, రెండు వైపులా ఎర్రటి గోడలు లేస్తాయి. వాన నీళ్లు వేల ఏళ్లుగా కోసుకుంటూ పోయిన వాగులవి. గోడ మీద చెయ్యి పెడితే ఇసక రాలుతుంది. చివరి మంచుయుగంలో సముద్రం ఇప్పటికంటే చాలా వెనక్కి తగ్గి ఉండేది. బయటపడ్డ సముద్రపు ఇసకను గాలి మోసుకొచ్చి ఇక్కడ పోసింది. తర్వాత ఆ ఇసకలోని ఇనుము తుప్పుపట్టి దిబ్బలకు ఈ రంగు వచ్చింది. ఒకప్పటి సముద్రమట్టాలు, వాతావరణం ఎలా మారాయో చదువుకోవడానికి శాస్త్రజ్ఞులు ఇక్కడికి వస్తారు. ఇలాంటి తీరప్రాంత ఎర్ర ఇసక దిబ్బలు దక్షిణాసియాలో ఇక్కడ కాక తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే ఉన్నాయి. 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు.

గుర్తింపు ఉన్నా, జనం గోడల మీద పేర్లు చెక్కుతున్నారు. నేను ఉన్నంతసేపట్లోనే ఒక కుర్రాళ్ల గుంపు అంచు మీదికెక్కి దూకుతూ ఫొటోలు తీసుకుంది. దూకినప్పుడల్లా ఒక గంపెడు ఇసక కిందికి జారుతోంది. జారిన ఇసక మళ్లీ పైకి వెళ్లదు. నాకు కడుపులో తిప్పినట్టయింది. దగ్గరికెళ్లి చెప్పాను, దిగి వెళ్లిపోయారు. దయచేసి వాగు అడుగున మాత్రమే నడవండి. గోడలు ఎక్కకండి.

ఇక్కడ అమ్మ కారు దిగలేదు. చెట్టు నీడలో తలుపు తెరిచి కూర్చుంది. "నువ్వూ పిన్నీ వెళ్లి రండే, నాకు ఇక్కడ గాలి బాగుంది" అంది. సొంతంగా కారు తెచ్చుకోవడంలో ఉన్న సుఖం నాకు అప్పుడు బాగా తెలిసింది. ఒకరు నడవలేకపోతే మిగతావాళ్లు ఆగిపోనక్కర్లేదు. కూర్చున్నవాళ్లకు బరువుగా ఉండదు, వెళ్లినవాళ్లకు తొందర ఉండదు.

తొట్లకొండ కూడా కుడివైపే. కొండ మీదికి కారు వెళ్లే దారి ఉంది కాబట్టి అమ్మ కూడా పైదాకా వచ్చింది. మలుపులు బిగువుగా ఉంటాయి, సెకండ్ గేర్ చాలు. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు ఇది. 1976లో నౌకాదళం వాళ్లు సర్వే చేస్తుంటే శిథిలాలు బయటపడ్డాయి. 1988లో తవ్వకాలు మొదలయ్యాయి. స్తూపం, విహారాల గదులు, సమావేశ మందిరం రాతి స్తంభాలు, వంటశాల పునాదులు కనిపిస్తాయి. వాన నీళ్లు నిలవ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి, కొండకు పేరు వాటివల్లే. శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ల వెండి నాణేలు కూడా ఇక్కడ దొరికాయి.

ఆ నాణేల సంగతి పుస్తకంలో చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. కొండ అంచున నిలబడి కిందికి చూస్తే ఆశ్చర్యం పోయి, సహజంగా అనిపిస్తుంది. ఎదురుగా అడ్డం లేని సముద్రం. వచ్చే ఓడ ఇక్కడివాళ్లకు ఎంతో ముందే కనపడి ఉంటుంది. ఓడవాళ్లకు కూడా ఈ కొండ మీది స్తూపం కనపడి ఉంటుంది. వర్తకులు ఇచ్చిన దానాల మీదే ఇలాంటి ఆరామాలు నడిచేవని చరిత్రకారులు చెబుతారు. మేం భోజనం కూడా ఇక్కడే చేశాం, పార్కింగ్ దగ్గర నీడలో, తెచ్చుకున్న పులిహోర. పైన ఏమీ దొరకదు, నీళ్లు తీసుకెళ్లాలి.

మంగమారిపేట దాటి రుషికొండ వచ్చేసరికి ఎండ పడమరకు తిరిగింది. ఇక ఇక్కడినుంచి ఎడమవైపు ఆపుకుంటూ రావడమే. రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. ఆదివారం సాయంత్రాలు మాత్రం కారు పెట్టడానికి చోటు దొరకదు. తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీద అలలు విరిగిపడుతుంటాయి. 2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు బంగ్లాదేశ్ ఓడ ఒకటి ఇక్కడికే కొట్టుకొచ్చి ఒడ్డున చిక్కుకుంది. కైలాసగిరి కొండ కుడివైపు. పైకి కారు వెళ్తుంది, రోప్‌వే కూడా ఉంది. శివపార్వతుల పెద్ద విగ్రహాల దగ్గర రద్దీ ఎక్కువ. నాకైతే అక్కడ బాగా నచ్చింది ఉత్తరం వైపు కనిపించే తీరపు వంపు. పొద్దున్నుంచీ వచ్చిన దారంతా ఒక్క చూపులో కనపడుతుంది.

ఆర్కే బీచ్ దగ్గర కారు ముందే ఎక్కడో ఒకచోట పెట్టేసి నడవడం మంచిది. సాయంత్రం కురుసుర జలాంతర్గామి ఎదురుగా చోటు దొరుకుతుందని ఆశపడొద్దు. అమ్మను, పిన్నిని దింపేసి నేను వెనక వీధిలో పెట్టి వచ్చాను. పొద్దున్నే వచ్చేవాళ్లకు ఇంకో మాట: నడకకు వచ్చే జనం కోసం తెల్లవారుజామున ఈ బీచ్ రోడ్డు కొంత మేర వాహనాలకు మూసేస్తారు.

ఐఎన్ఎస్ కురుసుర సోవియట్ యూనియన్‌లో తయారైంది. 1969లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధం చూసి, 2001లో విశ్రాంతి తీసుకుంది. 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు. లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగాలి. గదికీ గదికీ మధ్య గుండ్రటి తలుపులు, కాలెత్తి, తల వంచి దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇది ముందే తెలుసుకుని వెళ్లాలి. అమ్మ బయట ఉండిపోయింది. లోపల చూపించేవాళ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. వాళ్లు ఏ మీట ఎందుకో చెబుతుంటే, డెబ్బై మందికి పైగా మనుషులు ఈ ఇరుకులో వారాల తరబడి ఎండ చూడకుండా ఎలా బతికారో అర్థమవుతుంది. రోడ్డుకు అవతల టీయూ-142 విమానం ఉంది. 1988 నుంచి 2017 దాకా సముద్రం మీద నిఘా తిరిగింది. ఆ రెండూ చూశాక కొంచెం ముందుకు నడిస్తే 1971 యుద్ధ విజయ స్మారకం. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఆ డిసెంబరులో ఈ తీరానికి దగ్గర్లోనే మునిగిపోయింది. జలాంతర్గామి మ్యూజియం సోమవారం ఉండదు, మిగతా రోజుల్లో కూడా ఎక్కువగా మధ్యాహ్నం నుంచే తెరుస్తారు. పై నుంచి కిందికి రమ్మని నేను చెప్పడానికి ఇది కూడా కారణం. మేం చేరేసరికి అన్నీ తెరిచే ఉన్నాయి. చివర్లో మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) కొనుక్కుని గట్టు మీద కూర్చున్నాం.

మర్నాడు దక్షిణం. పొద్దున్నే హనుమంతవాక నుంచి ముడసర్లోవ, అడవివరం మీదుగా సింహాచలం వెళ్లాం. ఘాట్ రోడ్డు బాగుంది, సొంత బండ్లు పైకి వదులుతారు. చందనం లేని నిజరూప దర్శనం అక్షయ తృతీయనాడే కాబట్టి, మామూలు రోజుల్లో స్వామి చందనం పూతలోనే కనిపిస్తాడు. కొండ దిగి గోపాలపట్నం, ఎన్ఏడీ జంక్షన్, గాజువాక, మల్కాపురం దాటి సింధియా చేరాం. ఈ దారిలో ట్యాంకర్లు, లారీలు ఎక్కువ. పెద్ద బండి పక్కన ఎక్కువసేపు నడపకుండా, దాటేయడమో వెనకే ఉండిపోవడమో చేయాలి. వాటి డ్రైవర్లకు మన చిన్న కారు అద్దంలో కనపడదు.

సింధియా అనే పేరు ఓడల కంపెనీ నుంచి వచ్చింది. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ వాల్‌చంద్ హీరాచంద్ ఆధ్వర్యంలో 1941లో ఇక్కడ నౌకా నిర్మాణ కేంద్రం పెట్టింది. 1948లో జల ఉష అనే ఓడను నెహ్రూ ఇక్కడే జలప్రవేశం చేయించారు. ఆ కేంద్రమే ఇప్పటి హిందుస్థాన్ షిప్‌యార్డ్. నౌకాదళం గోడలు, గేట్లు వస్తూనే ఉంటాయి. అక్కడ ఫొటోలు తీయకూడదు, ఆగకూడదు.

తర్వాత యారాడ కొండ. పైకెక్కుతుంటే ఒకవైపు పోర్టు క్రేన్లు కనపడి, శిఖరం దాటగానే అవతల కొబ్బరి తోటలు, సముద్రం. డాల్ఫిన్స్ నోస్ కొండ ఇటు ఉంది, రాస్ హిల్ చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న మూడు గుట్టలు అటు ఉన్నాయి. మధ్యలో ఉన్నది ఓడలు వచ్చిపోయే సన్నటి నీటి దారి. అయినా కారులో ఇక్కడినుంచి అక్కడికి వెళ్లాలంటే పోర్టు మొత్తం చుట్టి రావాలి. 1933లో ఇక్కడే ఓడరేవు ఎందుకు తెరిచారో ఆ దారి నడిపితేనే నాకు బోధపడింది. డాల్ఫిన్స్ నోస్ కొండ అలలకు అడ్డం నిలబడింది, దాని వెనక నీళ్లు నెమ్మదిగా ఉన్నాయి.

యారాడ బీచ్ అందమైనది, ప్రమాదకరమైనది కూడా. మోకాలి లోతు కూడా వద్దు. "నీళ్లల్లోకి దిగకండమ్మా, కింద నుంచి లాగేస్తాది" అని అక్కడ ఒక పెద్దాయన మమ్మల్ని చూడగానే చెప్పాడు. ఇసకలోకి కారు దింపొద్దని కూడా ఆయనే చెప్పాడు. కూరుకుపోతే లాగడానికి ట్రాక్టరు రావాలి, ఆ ఖర్చు అద్దెకు తీసుకున్నవాళ్లదే. వెనక్కి వచ్చేటప్పుడు చీకటి పడకముందే కొండ దిగిపోవాలని బయల్దేరిపోయాం.

కారు తిరిగి ఇచ్చే ముందు మ్యాట్లు దులిపాను. ఎర్రమట్టి దిబ్బల ఇసక, యారాడ ఇసక రెండూ ఉన్నాయి అందులో. కొన్నిచోట్ల క్లీనింగ్ అని విడిగా వసూలు చేస్తారు. కారు తీసుకున్నప్పుడు పెట్రోలు ఎంత ఉందో అంతకు పోయించి, బిల్లు ఫొటో తీసుకున్నాను. మళ్లీ నాలుగు వైపులా వీడియో. వెనక బంపరు మీద గీత చూపించి కుర్రాడు అడిగితే, తీసుకునేటప్పుడు తీసిన వీడియో చూపించాను, అక్కడితో మాట ఆగింది. స్పీడు చలానా ఏదైనా పడితే తర్వాత కట్ చేస్తామని డిపాజిట్ కొన్ని రోజులు ఆపుతారు. ఇ-చలాన్ సైట్‌లో కారు నంబరు కొట్టి నేనే చూసుకున్నాను, మా తేదీల మీద ఏమీ లేదు. ఆ స్క్రీన్‌షాట్ పంపాక డిపాజిట్ మొత్తం ఖాతాలో పడింది.